గుడ్‌ఫ్రైడే గంజి

1938 ఏప్రిల్ 15, శుక్రవారం, మధ్యాహ్నం రెండుంబావు. బిలాస్‌పూర్‌లో మా రైల్వే చర్చి. పన్నెండింటికి మొదలైన ఆరాధన మూడింటికి ముగుస్తుంది. నాకు పద్నాలుగేళ్లు నిండి రెండు నెలలు.

గుడ్‌ఫ్రైడే నాడు మా ఇంట్లో పొయ్యి వెలిగించం. ఉపవాసం విడవడానికి పక్క క్వార్టర్ పెద్దమ్మ గంజి కాచి తెచ్చేది. వాళ్లు విజయనగరం వైపు హిందువులు. ఆవిడ భర్త పెద్దనాన్నా మా నాన్నా ఒకే ఇంజన్ షెడ్డులో పని. నేను పుట్టిన ఏటి నుంచి లెక్కిస్తే అది పదిహేనో గంజి.

అంతకుముందు ప్రార్థనలన్నీ ఇంగ్లీషులోనే. సగం మందికి అర్థం కాకపోయినా మోకరించేవాళ్లం. ఆ ఏడే మొదటిసారి తెలుగులో చదవనిచ్చారు. గొంతు బాగుంటుందని నన్ను నిలబెట్టారు. చివరి ప్రార్థన క్రీస్తును ఎరుగనివారి కోసం. వారి మూఢత్వాన్ని, రాతిగుండెను తీసివేయమని గట్టిగా, తప్పు లేకుండా చదివాను. తలెత్తితే గుమ్మంలో పెద్దమ్మ, చంకలో కుండ. నేను చదువుతానని విని ముందే వచ్చింది.

బయటికి రాగానే అడిగింది.

"ఏటే గుంటా, రాతిగుండెలోలు ఎవులే? మీకు గంజి కాసినోలా?"

"మిమ్మల్ని కాదప్పా, అది పాత ప్రార్థన" అన్నాడు నాన్న.

"అచ్ఛా! అయితే ఇన్నేళ్లూ ఇదే అన్నారా?"

అన్నాం మరి, ఇంగ్లీషులో.

"తాగండి. రాతిగుండెది కాసింది, పళ్లు జాగర్త" అని కుండ దించి వెళ్లిపోయింది.

ఆ వారమే చర్చి పెద్దలు కూర్చున్నారు. ఆ మాట తీసేద్దామన్నాడు నాన్న. ప్రార్థన మన సొంతం కాదన్నారు ఒకరు. పోనీ మళ్లీ ఇంగ్లీషులోనే చదువుకుందాం, గొడవుండదన్నారు ఇంకొకరు. నాకు ఎక్కువ సిగ్గనిపించింది ఆ మాటకే. చివరికి ఏదీ మార్చలేదు.

1939 ఏప్రిల్ 7, గుడ్‌ఫ్రైడే నాడు మళ్లీ నేనే చదివాను. ఆ వాక్యం వదిలేశాను. మూడు దాటినా గంజి రాలేదు. నేనే వెళ్లి, ఆ మాట చదవలేదని చెప్పాను.

పెద్దమ్మ బియ్యం ఏరుతూనే అంది: "నోటితో అనకపోతే ఏటమ్మా, మనసులో అనుకోరేటి?"

మనసులో అనుకుంటామో లేదో నిజంగా నాకు తెలియదు.

1946 జూన్‌లో పెద్దనాన్న రిటైరై, వాళ్లు ఊరెళ్లిపోయారు.

పోయినవి: ఎనిమిది గుడ్‌ఫ్రైడేల గంజి. చర్చిలో నేను చదివే చోటు, 1939 తర్వాత నన్నెవరూ పిలవలేదు. ఒక పెద్దమ్మ. ఆ వాక్యం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.