అరసున్న టీచరు, ఇద్దరు విద్యార్థులు

ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైన ఆవిడను చుట్టుపక్కల వీధుల్లో అందరూ అరసున్న టీచరనే అంటారు. ఇప్పుడెవరూ రాయని అరసున్నను తన క్లాసులో మాత్రం రాసి తీరాలని పట్టుబట్టేది కాబట్టి ఆ పేరు వచ్చింది. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి కాబట్టి అది అతుక్కుపోయింది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఒకసారి క్లాసులో అడుగుపెట్టేసరికి బోర్డు నిండా పెద్ద అరసున్న గీసి ఉంటే, దాన్ని చెరపకుండా పక్కన మిగిలిన జాగాలోనే పాఠం చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజంతా గీసిన పిల్ల ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుందట.

అదే స్కూల్లో, ఆవిడ క్లాసులోనే చివరి బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి చాలా ఏళ్ల తర్వాత ఆవిడకు కోడలైంది. కొడుకు ఇష్టపడి చేసుకున్నాడు. పెళ్లయిన మొదటి ఏడాదంతా ఆ పిల్లకు "అత్తయ్యా" అనడానికి నోరు తిరిగేది కాదు. "టీచర్, కాఫీ కలపనా?" అనేది. ఇంటికొచ్చిన చుట్టాలు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్లు.

కొడుకు గూడ్సు రైలు నడుపుతాడు. రెండు రోజులు పట్టాల మీద ఉంటే ఒక రోజు ఇంట్లో ఉంటాడు. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. వాళ్లకిద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, ఆరో తరగతి. రెండోవాడు మూడో తరగతి. వాడికి ఉబ్బసం.

ఇద్దరూ చదివే బడిని కొత్త భవనంలోకి మార్చారు. దాని పక్కనే రాళ్లు కోసే యార్డు. గోడ ఎంత ఎత్తున కట్టినా దుమ్ముకు అడ్డం లేకపోయింది. వాడు వారంలో రెండు రోజులు బడికి వెళితే మిగతా రోజులు మంచం మీదే. చివరికి డాక్టరు చెప్పాడు: "ఒక ఏడాది బడి మాన్పించండమ్మా. ఇంట్లోనే చదివించి, పరీక్షలు బయటి నుంచి రాయించండి. చదువు ఎక్కడికీ పోదు."

ఇది విన్న అక్క మూతి ముడుచుకుంది. "వాడొక్కడికేనా? నేను మాత్రం దుమ్ము తింటూ వెళ్లాలా?" అని రెండు రోజులు సాధించి తనూ బడి మానేసింది.

పనులు పంచుకోవడం తేలిగ్గానే అయిపోయింది. లెక్కలు తండ్రి ఇంట్లో ఉన్న రోజు చెప్తాడు. సైన్సు తల్లి చూసుకుంటుంది. తెలుగు ఎవరు చెప్పాలన్న ప్రశ్నే రాలేదు. ఇంట్లో అరసున్న టీచరుండగా అడిగేదేముంది?

ఆవిడ మొదటిరోజు ఉతికిన చీర కట్టుకుని, వాచీ పెట్టుకుని వచ్చింది. బాల్కనీలో గోడకు బోర్డు తగిలించింది. బీరువా అడుగు నుంచి తన పాత వ్యాకరణ పుస్తకం తీసింది. గోధుమరంగు అట్ట వేసి, అది చిరిగితే దాని మీద ఇంకో అట్ట వేసి, చాలా ఏళ్లు వాడిన పుస్తకం. తర్వాత హాజరు పిలిచింది. ఇద్దరే పిల్లలు, ఇద్దరూ ఎదురుగానే ఉన్నారు. అయినా పిలిచింది. మనవడు నవ్వు ఆపుకోలేక "ప్రెజెంట్ నానమ్మా" అన్నాడు. "టీచర్ అనాలి" అంది ఆవిడ. ఆవిడ నవ్వలేదు.

మనవరాలికి ఆ పాఠాలు భలే నచ్చాయి. సూత్రం బట్టీ పట్టడం, ఉదాహరణ విడదీయడం, మళ్లీ కలపడం. "లెక్కల్లాగే ఉంది, కరెక్టంటే కరెక్టే" అంది. మనవడి దగ్గరే బండి ఆగిపోయింది. 'వాడెక్కడ' అనే మాటను 'వాడు', 'ఎక్కడ' అని విడదీసి చూపించి, దీన్ని ఉత్వ సంధి అంటారని చెప్తే వాడు తల గోక్కున్నాడు.

"వాడెక్కడ అంటే అందరికీ తెలుస్తోంది కదా. మళ్లీ విడగొట్టడమెందుకు?"

"పరీక్షలో అడుగుతారు కాబట్టి."

"వాళ్లెందుకు అడుగుతారు?"

ఆవిడ బోర్డు వైపు తిరిగి ఇంకో ఉదాహరణ రాసింది. అరవై మంది ఉన్న క్లాసులో ఎవరైనా ఇలాంటి ప్రశ్న వేస్తే, గంట కొట్టేలోపు పాఠం అవ్వాలన్న వంక ఒకటి ఉండేది. ఇక్కడ గంట లేదు. వాడు పక్కకు చూడటం, చెప్పులు కాలితో తిప్పుతూ ఉండటం, పాఠం సగంలో దగ్గడం మొదలుపెట్టాడు. రెండో వారానికి వ్యాకరణం వేళ కాగానే వాడికి ఛాతీ పట్టేసేది.

కోడలు ఒకరోజు ల్యాబు నుంచి వచ్చి బాల్కనీ చూసింది. నేల మీద తెల్లటి సుద్దపొడి. "అత్తయ్యా, ఈ చాక్‌పీసు పొడి వాడికి పడదు. బోర్డు తీసేద్దాం" అంది. బోర్డు తీసేశారు. ఆవిడకు చేతులు ఏం చేసుకోవాలో తోచలేదు. సుద్దముక్క చేతిలో లేకుండా పాఠం చెప్పిన రోజు ఆవిడ సర్వీసులోనే లేదు.

తర్వాతి వారం కోడలు మూడు పుస్తకాల కట్టలు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. ఇంట్లోనే పిల్లల్ని చదివించే తల్లులు కొందరు కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అందులో ఒకావిడ చూసి ఇవ్వమని ఇచ్చింది. మొదటిది పెట్టె నిండా రంగు కార్డులు. నామవాచకాలన్నీ నీలం, క్రియలన్నీ ఎరుపు. రెండోది ఇటుకంత మందం వర్క్‌బుక్, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకూ ఖాళీలు పూరించడమే. మూడోది కథల పుస్తకంలాంటిది. కథ చదివి, ఇంట్లో వాళ్లు మాట్లాడే మాటలు విని, వాటిలో తేడాలు పట్టుకోమంటుంది. సంధి అన్న మాట సగం పుస్తకం అయ్యేదాకా కనిపించదు.

"ఏది బాగుందో మీరే చెప్పండి అత్తయ్యా. మీకంటే తెలిసినవాళ్లెవరున్నారు?" అంది కోడలు, మంచి మనసుతోనే.

అరసున్న టీచరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నన్ను తీసేసి, నా స్థానంలో ఎవర్ని పెట్టుకోవాలో నన్నే అడుగుతున్నావా?"

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు బందయ్యాయి. బందయ్యాయంటే అసలు లేవని కాదు, చుట్టు తిరిగి వెళ్లేవి. "నీళ్లొచ్చాయని మీ అమ్మకు చెప్పు." "చూశానని నానమ్మకు చెప్పు." పక్క పక్కనే నిలబడి ఇద్దరూ మనవరాలి ద్వారా మాట్లాడుకునేవాళ్లు. డ్యూటీ దిగి వచ్చిన కొడుక్కి పరిస్థితి గుమ్మంలోనే అర్థమైంది. "నన్ను ఇందులోకి లాగకండి. నాకు తెలుగులో ఎన్ని మార్కులొచ్చేవో అమ్మకే తెలుసు" అని స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం పూట అందరూ కునుకు తీసేటప్పుడు ఆవిడ ఆ మూడు కట్టలూ ముందేసుకుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చునేది. వాటి బండారం బయటపెట్టాలనే కూర్చుంది. పెట్టింది కూడా. 'పరుగు' నామవాచకమైతే ఎర్ర కార్డుల్లో వేశారు. వర్క్‌బుక్‌లో ఒక అమ్మ కూతురితో, "మనం సినిమాకు వెళ్తున్నాం, నువ్వు ఇంట్లో ఉండు" అంటోంది. ఆవిడ దాని కింద రెండు గీతలు గీసి, 'మనం' కాదు 'మేము' అని రాసింది. వినేవాళ్లు రావడం లేదుగా, ఇంకా మనమెక్కడిది? ఆ తప్పు దొరికిన రోజు ఆవిడ రెండు కప్పులు టీ తాగింది.

కథల పుస్తకంలో మాత్రం పెన్సిలుకు పని దొరకలేదు. అందులో ఒక అభ్యాసం ఉంది: ఇంట్లో ఏదైనా పాడైనప్పుడు ఎవరెవరు ఏ మాటతో చెప్తారో గమనించండి. ఆవిడ ఆ పేజీ దగ్గర ఉండగానే వంటింట్లో భళ్లుమని చప్పుడైంది.

మనవడు గుమ్మంలోకి వచ్చాడు. "నానమ్మా, గ్లాసు పగిలింది."

"పగిలిందా, పగలగొట్టావా?"

"అదే పగిలింది."

"నువ్వు ముట్టుకోకుండానే?"

వాడు కొంచెం ఆలోచించాడు. "ముట్టుకున్నాను. కానీ పగలమని ముట్టుకోలేదు."

ఆవిడకు నవ్వొచ్చింది. గాజు పెంకులు ఊడ్చి పారేసి వచ్చి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "మొన్న నీ చొక్కా చిరిగిందా, చింపావా?" "చిరిగింది." "అక్క పెన్సిలు?" "విరిగింది." "మరి అక్క నీ బొమ్మ విషయంలో ఏమంది?" "విరిగిందంది! అబద్ధం, అదే విరగ్గొట్టింది!" వాడికి ఊపొచ్చేసింది. తెగింది, తెంచాడు. మునిగింది, ముంచాడు. కాలింది, కాల్చాడు. ఒలికింది, ఒలకబోశాడు. తను చేస్తే ఒక మాట, అక్క చేస్తే ఇంకో మాట వాడుతున్నానని తనంతట తనే కనిపెట్టి పడీ పడీ నవ్వాడు. ఆ గంటలో ఒక్కసారి కూడా దగ్గలేదు.

అప్పుడే వాడు అడిగాడు: "నానమ్మా, పారిపోయాడు అంటే ఎక్కడికో పోయాడు. పడిపోయింది అంటే కిందికి పోయింది. మరి నిద్రపోయాడు అంటే ఎక్కడికి పోయాడు? మంచం మీదే ఉన్నాడుగా?"

ఆవిడ జవాబు చెప్పబోయింది. దాన్ని ఏమంటారో ఆవిడకు తెలుసు, పేరు నాలుక చివరే ఉంది. కానీ వాడు అడిగింది పేరు కాదు. నోటిదాకా వచ్చింది మింగేసి, "నాకు తెలీదురా. కనుక్కుని చెప్తా" అంది.

"నీకు తెలీదా!" వాడు కళ్లు ఇంతింత చేసుకున్నాడు. మరుక్షణం ఇల్లంతా పరిగెత్తాడు. "అక్కా, నానమ్మకు తెలీదంట! వ్యాకరణంలో నానమ్మకు తెలీదంట!"

ఆ రోజు ల్యాబులో ఆలస్యమైన కోడలు సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని లోపలికొచ్చింది. ఆ కేక విని, ఇవాళ కొంప మునిగిందనుకుని చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. వెనకే అత్తగారు వచ్చి నిలబడింది. చాలా రోజుల తర్వాత తిన్నగా మాట్లాడింది.

"ఆ కథల పుస్తకం వాడికి పనికొస్తుంది. కార్డుల పెట్టె వెనక్కిచ్చెయ్."

"సరే అత్తయ్యా."

"ఇప్పుడు చెప్పు. నన్నెందుకు వద్దనుకున్నావు? సుద్దపొడి అని మాత్రం చెప్పకు."

కోడలు కుళాయి కట్టేసింది. ఇటు తిరగలేదు. "మీ క్లాసుందంటే పొద్దున లేచినప్పటి నుంచి నాకు కడుపులో నొప్పి వచ్చేది. రెండేళ్లు. మా అమ్మ మందులు కూడా వేయించింది. వీడికి వ్యాకరణం టైముకు ఆయాసం వస్తుంటే నాకదే గుర్తొచ్చింది."

"నేను నిన్నెప్పుడైనా కొట్టానా?"

"లేదు. మీరెవర్నీ కొట్టలేదు. పేరు పిలిచి నిలబెట్టేవాళ్లు, అంతే. నిలబడగానే వచ్చింది కూడా మర్చిపోయేదాన్ని. చెప్పేదాకా కూర్చోనిచ్చేవాళ్లు కాదు."

ఆవిడ గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. చివరి బెంచీలు గుర్తొచ్చాయి, కిటికీ గుర్తొచ్చింది. ఈ అమ్మాయి మొహం మాత్రం ఎంతకీ రాలేదు. "నాకు గుర్తు లేదు" అంది.

"అరవై మందిలో మీకెలా గుర్తుంటుంది టీచర్?" అంది కోడలు. అన్న తర్వాత నాలిక్కరుచుకుంది.

అత్తగారు తువ్వాలు తీసుకుని, తోమిన గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి అరలో పెట్టింది. అన్నీ అయ్యాక, "ఒక్కళ్లయినా చెప్పలేదే" అంది. ఆ తర్వాత వెళ్లి బాల్కనీలో కూర్చుంది. కోడలు టీ తీసుకెళ్లి పక్కన పెట్టి, తనూ ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

మర్నాటి నుంచి హాజరు పిలవడం ఆగిపోయింది. మనవరాలికి పాత పుస్తకమే, ఆ పిల్ల దాన్ని వదలనంది. మనవడికి కథల పుస్తకం. తల్లి చదివి వినిపిస్తుంది, నానమ్మ ప్రశ్నలు వేస్తుంది. అన్ని రోజులూ సాఫీగా సాగాయని కాదు. మధ్యమధ్య ఆవిడ గొంతు పెరిగేది. "నానమ్మా, క్లాసు గొంతు వచ్చేసింది" అనేవాడు వాడు. ఆవిడ ఒక గుక్క నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది. 'నిద్రపోవడం' గురించి తనతోపాటు పనిచేసిన ఒక పాత పంతులుగారికి ఫోన్ చేసి అడిగింది. ఆయన పెద్ద వివరణే ఇచ్చాడు. దాన్ని వాడికి తగ్గట్టు తేలిక చేసి చెప్పింది. వాడు అంతా విని, "ఆయనకూ తెలీదన్నమాట" అన్నాడు.

పరీక్షల్లో మనవరాలికి తెలుగులో వందకు దగ్గరగా మార్కులు వచ్చాయి. మనవడు గట్టెక్కాడు. వత్తులు ఇంకా సగం ఎగరగొడుతూనే ఉన్నాడు. ఆయాసం మాత్రం బాగా తగ్గింది. రాళ్ల యార్డు ఎక్కడికీ కదల్లేదు కాబట్టి, ఇంకో ఏడాది ఇంట్లోనే చదివించాలని అనుకున్నారు.

రెండో ఏడాదికి మనవడి పుస్తకం ఎంచుకోవడానికి ఒక ఆదివారం అయిదుగురూ భోజనాల బల్ల చుట్టూ చేరారు. పరీక్షల గోల తేలికవుతుంది, ఇటుక వర్క్‌బుక్ తీసుకుందామని అరసున్న టీచరు అంది. వత్తులన్నా దారికొస్తాయంది. కోడలు, కథల పుస్తకానికే రెండో భాగం వచ్చింది కదా అంది. మనవరాలు తన పుస్తకం తన దగ్గరుంటే చాలంది. కొడుకు ఎటూ చెప్పకుండా జారుకోబోతే తల్లి అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా వాదించుకుని, చివరికి చేతులెత్తి ఓట్లు వేశారు. వర్క్‌బుక్‌కు ఒక్క ఓటే పడింది. "అయితే వత్తుల సంగతి వేరే చూడాలి" అని ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, రెండో భాగంలో మొదటి కథ చదవడం మొదలుపెట్టింది.