కిటికీ బరకం ఎవరు విప్పారు?

"పిల్ల మెల్లకన్ను ఈసారి సరిచేయిద్దామే, వేట నుంచి రానీ" అన్నాడు మా ఆయన, పడవ మీద కాలు పెడుతూ.

"ముందు నువ్వు రా బావా, కబుర్లు తర్వాత" అన్నాను.

మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలవి. గాలికి పడవ బోల్తా కొట్టింది.

చచ్చినవాళ్ళు తిరిగొస్తారంటే నేను ఏనాడూ నమ్మలేదు. సముద్రం మీద బతికేవాళ్ళం, దెయ్యాలకు భయపడితే పొయ్యి వెలగదు. ఇప్పుడు చెప్పేది మాత్రం నా ఇంట్లో, పట్టపగలు జరిగింది.

ఆయన పోయిన మరుసటి ఏడు మా లక్ష్మికి బందరులో ఆపరేషన్ చేయించాను. కంటి పక్క కండరాన్ని సరిచేసి కుట్టారు. కన్ను తిన్నగా వచ్చింది. ఇంటికొచ్చేదాకా పిల్ల అద్దం వదల్లేదు.

మా పేటలో కంటికి ఏం చేయించుకున్నా చీకటి గదిలో పడుకోబెడతారు. డాక్టరు అలా చెప్పలేదు, అయినా మేం అదే చేశాం. పడవ మీద కప్పే బరకం తెచ్చి కిటికీకి లోపలి వైపు కట్టాను. "కంటి ముందు దోమలు ఎగురుతున్నాయమ్మా" అంటే, "మన పేటలో దోమలు లేనిదెక్కడే" అన్నాను.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని ఎండురొయ్యలు ఏరుతున్నాను. ఇంటికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే. నన్ను దాటి ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

"ఎండ కొడుతోందమ్మా, ఎందుకు తీశావు?" అని లక్ష్మి లోపల్నుంచి అరిచింది.

వెళ్ళి చూస్తే గది నిండా వెలుతురు. బరకం మంచం కాళ్ళ దగ్గర మడతపెట్టి ఉంది. అంచులు లోపలికి దోపి, తాడు ఎడమ వైపుకు ముడేసి ఉంది. మా ఆయనది ఎడమచేతివాటం. వలలైనా బరకాలైనా అలాగే కట్టేవాడు. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ ముడి రాదు.

"నువ్వే విప్పావా?"

"నేనిప్పుడేగా లేచింది!" అంటూ ఎండకు ఓర్వలేక ఆపరేషన్ చేయని కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అలాగే నా వైపు తిరిగింది. "అమ్మా, నీ మొహం సగమే కనపడుతోందేంటి? ఈ పక్కంతా నల్ల తెర."

అన్నాళ్ళూ ఆ నలుపును గదిలో చీకటే అనుకుందట.

బస్సు కోసం ఆగలేదు, ఆటో ఎక్కించాను. బందరు డాక్టరు చూసి విజయవాడ పంపించేశాడు. కుట్టేటప్పుడు సూది లోతుగా దిగి కంటి వెనక పొరకు చిల్లు పడిందని, ఎక్కడో అరుదుగా ఇలా అవుతుందని, పొర ఊడిపోతోందని, పిల్ల చూసిన దోమలు దాని గుర్తేనని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. "ఇంకాస్త ఆలస్యమైతే ఈ కన్ను దక్కేది కాదమ్మా. సమయానికి కనిపెట్టారు" అంది. కనిపెట్టింది ఎవరని చెప్పను? పొర అతికించారు. చూపు నిలిచింది.

పిల్లే నిద్రలో లేచి విప్పుంటుందని మా ఆడపడుచు అంటుంది. కావచ్చు. మరి ఆ ముడి? దాన్నే చూస్తూ వెయ్యమన్నా లక్ష్మికి రావడం లేదు. నాకైతే ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఇదంతా నేను చెబుతుంటే లక్ష్మే రాస్తోంది. ఏదీ, మొదటి నుంచి చదువమ్మా. అక్షరాలు మసకేస్తే ఆపెయ్.