మాదన్నపేట దేవిడీలో అద్దం కింది పుస్తకం

ఏ ఊరు వెళ్ళినా నేను ముందు అడిగేవి రెండే. వింత వస్తువులు చూపే అజాయబ్‌ఘర్ ఎక్కడ, పుస్తకాలు ఎక్కడ. గుడి సంగతి తర్వాత. అందుకు ఇంట్లో చీవాట్లు మామూలే. ఈసారి మాత్రం మా అక్క తానే సద్ది కట్టి నన్ను హైదరాబాదు పంపింది.

మా చిన్నప్పుడు నాన్న ఊరి పటేలు దగ్గర ఒక చేతిరాత పుస్తకం అడిగి తెచ్చి, సాయంత్రాలు మా ఇద్దరికీ చదివి వినిపించేవాడు. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక సాలెపిల్ల దేశాలు తిరిగే కథ. చివరికి ఆమె ఒక కోట వాకిట నిలబడుతుంది. కావలివాడు 'నీ పేరేమి?' అని అడుగుతాడు. వాడే ఆ తమ్ముడని మా అనుమానం. అక్కడ ఆపి, "ఇగ రేపు" అన్నాడు నాన్న. తెల్లవారి పటేలు వచ్చి పుస్తకం పట్టుకుపోయి, పట్నంలో ఒక నవాబుగారికి నజరానాగా ఇచ్చుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా నాన్న "నాకూ తెల్వదు బిడ్డా" అనేవాడే గాని కల్పించి చెప్పలేదు. నాన్న పోయాడు. ఆ కథ విన్నవాళ్ళం మేమిద్దరమే మిగిలాం.

ఆ నవాబుగారు తన దేవిడీలో పాత పుస్తకాలను అద్దాల పెట్టెల్లో పెట్టి జనానికి చూపిస్తున్నారని ఈమధ్య తెలిసింది. "గా పిల్ల ఏం జెప్పిందో సదువుకొని రా తమ్మీ. కండ్లు మూసేలోపు తెలుసుకోవాలె" అంది అక్క.

శనివారం తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కాను. యుద్ధపు రోజులు గనుక మూడో తరగతిలో కాలు పెట్టే చోటు లేదు. పక్కన గాజులమ్మే ఆమె, సరుకు కోసం పట్నం పోతోంది.

"పెండ్లి సంబంధమా, కోర్టా?" అని అడిగింది.

పుస్తకం చదవడానికి అన్నాను.

"ఒక్క పుస్తకానికి రైలెక్కినవా? మీ ఊళ్ళె పనేం లేదా ఏంది?" అని నవ్వి, నా చేతిలో రెండు జామకాయలు పెట్టింది.

పది దాటాక నాంపల్లిలో దిగాను. మీరు వెళ్తే టాంగావాలాతో 'గ్రంథాలయం' అనకండి, బిక్కమొహం వేస్తాడు. 'కుతుబ్‌ఖానా' అనండి. మూసీ దాటి, చార్మినార్ దగ్గర చాయ్ తాగి, సందులు తిరిగి మాదన్నపేట చేరేసరికి మధ్యాహ్నమైంది. దేవిడీ అంటే కోటగోడలాంటి ప్రహరీ ఉన్న పాత హవేలీ. పుస్తకాల గది చూసుకునే హుసేన్ భాయ్, గోరింట పెట్టిన గడ్డం దువ్వుకుంటూ ఎదురొచ్చాడు. బంగారు పూత ఫారసీ గ్రంథాలు, కత్తులు, చీనా పళ్ళేలు, అన్నీ చూపిస్తానన్నాడు. తీరిక ఉంటే అవి చూసి తీరవలసినవే. నేను మాత్రం చివరి పెట్టె దగ్గరికి పరుగెత్తాను.

నమ్మండి, నమ్మకపొండి, కోట వాకిలి పుటే తెరిచి ఉంది. కుడివైపు అడుగున ఆఖరి మాట, 'నీ పేరేమి?'

"భాయ్, ఒక్క పేజీ తిప్పుతారా?"

"తాళంచెవి నవాబ్ సాబ్ తాన ఉంటది పంతులూ. జుమ్మా నాడే నా చేతికొస్తది. నమాజ్ అయినంక ఒక్కో కితాబుల ఒక్కో కాగితం తిప్పుత, వెలుతురుకు ఒక్కటే పేజీ మాసిపోవద్దని. నిన్ననే తిప్పిన."

మళ్ళీ శుక్రవారం దాకా ఉండటానికి నాకు సెలవు లేదు. "అయితే వచ్చే జుమ్మాకు ఈ కాగితం తిప్పుతారు గదా" అని కుడివైపు వేలు చూపించాను.

"గిటు కాదు, గటు" అని ఆయన ఎడమవైపు చూపించాడు.

అప్పుడు తెలిసింది. ఆయన చదువుకున్నది ఉర్దూ. ఉర్దూ పుస్తకాన్ని కుడినుంచి తెరుస్తారు. మా పుస్తకాన్నీ అలాగే ఆఖరి పుటనుంచి మొదలుపెట్టి, వారం వారం వెనక్కి నడిపిస్తున్నాడు! నాకు కావలసిన పుట నిన్నటిదాకా ఇక్కడే తెరిచి ఉంది. ఒక్కరోజు ముందు వచ్చినా చాలేది. ఏడుపొచ్చింది, దాచుకోను.

ఈ సంగతీ, అక్క సంగతీ చెబితే హుసేన్ భాయ్ నుదురు కొట్టుకున్నాడు. "యా అల్లా! తెలుగు మాట్లాడుడు వస్తది గని, రాత నాకెవరు నేర్పిన్రు? ఏముంది గిండ్ల? జర సదువుండ్రి, నేను వింట."

పైకి చదివాను. తెలియకుండానే నాన్న రాగం వచ్చేసింది. నాన్న ఊపిరి తీసుకునే చోటే నేనూ తీసుకున్నాను. హుసేన్ భాయ్ పెట్టె పక్కన గొంతుక్కూర్చున్నాడు. 'నీ పేరేమి?' దగ్గర ఆగాను.

"ఇగ?"

"ఆ తర్వాతది మీరు నిన్న తిప్పేసిన కాగితంలో ఉంది."

"అరె, మస్తు లొల్లి అయింది గదా! గా పిల్ల పేరు జెప్పిందా, లేదా?"

"నాకూ తెలియదు భాయ్" అన్నాను. అన్నాక గాని నాన్న మాట నా నోట వచ్చిందని తోచలేదు.

వీధి తలుపు దాకా సాగనంపుతూ ఆయన నా చేయి పట్టుకున్నాడు. "వచ్చే జుమ్మాకు మీ దిక్కే తిప్పుత. మీరొచ్చి సదివి వినిపించేదాక గా కాగితం కదిలియ్య. ఫికర్ చెయ్యకుండ్రి."

సాయంత్రం బండికే తిరుగుముఖం పట్టాను. కిటికీ పక్కన చోటు దొరికింది గాని బయట ఏం చూశానో గుర్తులేదు. పట్నానికి వెళ్ళి, ఎక్కడ ఆగిన కథను అక్కడే వదిలి వస్తున్నాను. అక్క గుమ్మంలోనే అడుగుతుంది. దసరా సెలవులకు నిన్నే తీసుకుపోతానక్కా అని చెప్పాలి.

నా ప్రయాణం విన్న మీరూ ఆ దేవిడీకి తప్పక వెళ్ళండి. ఈ శుక్రవారం తర్వాత వెళ్తే, చివరి పెట్టెలో సాలెపిల్ల జవాబు మీకు కనబడుతుంది. చదవండి. మనసులోనే చదువుకోండి, పైకి మాత్రం చదవకండి. పక్కనే హుసేన్ భాయ్ ఉంటాడు. ఆయన మా అక్క కోసం ఆగి ఉన్నాడు.