ఓబులేసు ఎత్తిపట్టిన తీగ

జమ్మలమడుగు పౌలు సారుకు రెండు పిచ్చులు. సెలవు దొరికితే కంప్యూటరులో చర్చి పాటలు రికార్డు చేసి, మధ్యలో వచ్చిన దగ్గులూ తుమ్ములూ కోసేస్తాడు. సాయంత్రమైతే అదే కంప్యూటరును హామ్ రేడియోకు తగిలిస్తాడు. టైపు చేసిన అక్షరాలు సన్నటి ఈలగా మారి గాలిలోకి పోతాయి. పరదేశం నుంచి వచ్చిన ఈల తెరమీద అక్షరాలవుతుంది. ఆ రేడియో లైసెన్సు కోసం నాలుగేళ్లు తిరిగాడు. ఊళ్లో సగం మంది దాన్ని పిచ్చి అన్నారు. మిగతా సగం పోలీసు వైర్‌లెస్ అన్నారు.

2004 ఎన్నికలప్పుడు ఆ రెండో సగమే కొంప ముంచింది. రాజుపాలెం ఓబులేసు జీపు దిగాడు. పేరు చెబితే అంగళ్లు మూసే మనిషి. వచ్చీరాగానే మిద్దెక్కి, రేడియో తీగ కట్టిన వెదురు గడను పెరికేశాడు.

"మా జీపులు పులివెందుల దావ పట్టేది అవతలోళ్లకు నువ్వే చెప్తాండావంట గదా సారూ. ఆ రేడియో పెట్టె తీస్కపోతాండా."

పౌలు వాకిట్లోకొచ్చి మిద్దె వైపు తలెత్తాడు. పెట్టె పోతే మళ్లీ సమకూర్చుకోవడం తన వల్ల కాదు.

"తీస్కపోదువులే. నేను ఎవురితో మాట్లాడతానో చూసి పో. తీగ పైన ల్యాకుంటే పలకదు, ఆ గడ ఎత్తిపట్టు."

"నేనా?"

"పెరికింది నువ్వే గదప్పా."

జీపులో ఉన్నవాళ్లు నవ్వు ఆపుకున్నారు. దొంగ దొరుకుతాడన్న ఆశతో ఓబులేసు గడ ఎత్తాడు.

కింద స్పీకరు ఈల వేసింది. పౌలు భార్య ప్రేమకుమారి తెరమీది అక్షరాలు చూసి కిటికీలోంచి కేకేసింది.

"అన్నా, ఎవురో ఇవాన్ అంట. బల్గేరియా దేశం."

"ఆయప్ప ఏ పార్టీ?"

"ఆయనకు మన పార్టీలు తెలీవన్నా. ఆడ వానంట. ఈడ ఎట్లుందని అడుగుతాండాడు."

"ఎండకు నెత్తి పుచ్చెలు పగుల్తాండాయని చెప్పు."

పౌలు 'వేడి ఎక్కువ' అని మాత్రం టైపు చేశాడు.

"మన రేడియో ఎన్ని వాట్లంట. ఇరవై అని చెప్పినాడు సారు."

"మా గొడ్లపాకలో బల్బే నలభై గదమ్మా." నవ్వుకు గడ ఊగింది, అక్షరాలు చెదిరాయి.

"కదలొద్దన్నా. తీగ పట్టుకునింది నువ్వేనని సారు నీ పేరు చెప్పినాడు. జవాబొస్తాంది."

ఆ తర్వాత కింద చప్పుడు లేదు. దిగితే మాట తెగిపోతుంది, దిగకుంటే కనపడదు. పోలీసుల ముందు కూడా చేతులెత్తని మనిషి, పావుగంటగా రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు.

"ఏందమ్మా, ఏమన్యాడు?"

"'ఓబులేసూ, తీగ పట్టుకున్నందుకు శానా థ్యాంక్స్. మా ఊరికి రా' అన్నాడు."

ఓబులేసు మెల్లగా మెడలోని పార్టీ కండువా తీసి, గడను పిట్టగోడకు కట్టబోయాడు.

"కండువా వద్దులే అన్నా, రేపు అవతలోళ్లొచ్చి పెరుకుతారు." ప్రేమకుమారి బయటికొచ్చి నైలాను తాడు పైకి విసిరింది.

గట్టిగా నాలుగు ముళ్లు వేసి కిందికి దిగాడు. తెరమీద తన పేరు ఎక్కడుందో రెండుసార్లు చూపించుకున్నాడు. పెట్టె సంగతి ఎత్తనే లేదు. గడప దాటాక మాత్రం వెనక్కి తిరిగాడు.

"ఆ ఇవాను మళ్లా ఎప్పుడొస్తాడు సారూ?"