పుట్టకొక్కులు, వెండి రూపాయి

నా బిడ్డకు ఆరేళ్లప్పుడు మోతీజర, అదే టైఫాయిడు, వచ్చింది. దేవుడి దయవల్ల జ్వరం దిగింది గానీ, దాంతోపాటు కాళ్లలోని సత్తువా పోయింది. గోడ పట్టుకొని నాలుగడుగులు వేసి కూలబడేది. అప్పుడు మేము మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడ గుమాస్తా. దవాఖాన కంపౌండరు పిల్లకు గుడ్డు, మాంసం పెట్టమన్నాడు. మా ఇంట్లోకి ఆ రెండూ రావని చెబితే, అయితే పుట్టకొక్కులు, అదే పుట్టగొడుగులు, పెట్టమన్నాడు. మాంసంలో కండ పట్టించే పదార్థం ఏదుందో, వాటిలోనూ కొంత అలాంటిదే ఉందట.

ఆ మాటతో నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. మాంసంలో ఉండేదే ఉంటే అది మాంసం కాదా? ఆ కొక్కు విషపుదైతే? మొదటి భయాన్ని దేవుడి ముందు పెట్టి వదిలేశాను. పసిదాని విషయంలో ఆయన నాకంటే దయగలవాడు. రెండోది వదలలేదు.

శ్రావణంలో ఉరిమిన మర్నాడల్లా అడవి పక్క గూడెం నుంచి ఒక గోండు ముసలమ్మ టేకాకుల్లో పుట్టకొక్కులు తెచ్చి అమ్మేది. తీసుకున్నాను. ఉడికేటప్పుడు వెండి వేస్తే, విషం ఉంటే నల్లబడుతుందని మా అవ్వ చెప్పేది. లక్ష్మీపూజలో పెట్టే, నిజాం కాలంనాటి హాలీ వెండి రూపాయిని కడిగి గిన్నెలో వేశాను. తీసి చూస్తే అంచు చుట్టూ నల్లటి మరక. కూరంతా పెరట్లో గుంట తీసి పూడ్చేశాను. మర్నాడు ముసలమ్మ వస్తే నల్లబడిన రూపాయి చూపించి అనరాని మాటలన్నాను. ఆమె ఆకు మడుచుకొని వెళ్లిపోయింది.

మందుకు వెళ్లినప్పుడు ఆ రూపాయిని కంపౌండరుకు చూపించాను. ఆయన నవ్వాడు.

"గుడ్డుల వెండి చెంచా పెట్టు అమ్మా, అది గూడ నల్లగైతది. అండ్ల, కొక్కుల రెండిట్ల గంధకం ఉంటది. వెండి గంధకానికి నల్లవడ్తది, విషానికి కాదు. పానం దీసే కొక్కుల ఏసినా నీ రూపాయి తెల్లగనే ఉండొచ్చు."

"మరెట్ల తెలుస్తది?"

"ఏరుకొచ్చినామెకు తెలుస్తది. చెడ్డదైతే తిన్న పూట ఏం గాదు. విషం బయటపడెటానికి తెల్లారేదాక పట్టొచ్చు."

ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. ఇక ఆ ముసలమ్మే దిక్కు, ఆమెను నేనే వెళ్లగొట్టాను. కొక్కులు వచ్చే రోజులు చూస్తూ చూస్తూ అయిపోతాయి. రెండు రోజులు వాకిట్లోనే కూర్చున్నాను. మూడో రోజు క్వార్టర్ల చివర కనబడితే పరుగెత్తి, తప్పయిందని చెప్పుకున్నాను.

"ఇయ్యాల నీ రూపాయి ఏమంటుంది బిడ్డా? అడిగినవా?" అంది.

అయినా లోపలికి వచ్చింది. ఒక్కొక్కటే చేతిలో పెట్టి చూపించింది. ఇవి చెదపుట్ట లోపలిదాకా వేరులా దిగిన పొడుగు కాడవట. కాడ మొదట్లో సంచిలాంటిది ఉంటే తాను ముట్టనే ముట్టదట. వాళ్ల గూడెంలో బాలింతలకు బలమని ఎండబెట్టి దాచి వండిపెడతారట. అంతా విన్నాను, సగమే అర్థమైంది. మిరియాలు, ఉప్పు వేసి వండాను. నేను అడగకముందే ఆమె వంటింటి గడప దగ్గర కూర్చొని మొదటి ముద్ద తాను తిని, రెండోది నా బిడ్డ నోట్లో పెట్టింది. పొద్దుండగానే గూడేనికి వెళ్లిపోయింది.

ఆ రాత్రంతా బిడ్డ దగ్గినా, పక్కకు తిరిగినా కడుపు తడిమి చూశాను. స్తోత్రం మొదలుపెట్టి, మధ్యలో మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టాను. బిడ్డ నా కళ్ల ముందే ఉంది. అక్కడ ఆమెకెలా ఉందో నాకెవరు చెబుతారు?

తెల్లవారి బిడ్డ పాలు తాగుతుంటే తలుపు చప్పుడైంది. ముసలమ్మ. నెత్తిన తట్ట లేదు, చేతిలో ఆకు లేదు. అమ్మేందుకేమీ లేకుండానే రెండు కోసులు, నాలుగు మైళ్ల దూరం, నడిచొచ్చింది.

"నేను మంచిగనే ఉన్న బిడ్డా. నువ్వు పరేషాన్ అయితవని సూపెట్టిపోదామని వచ్చిన."

వంగి కాళ్లు మొక్కాను. ఆమె వద్దంటూ వెనక్కి జరిగి, పిల్ల నాలుక చూసింది. ఇంకా మూడు నాలుగు పూటలు పెట్టాలంటూ, రేపు తట్టతో వస్తానని చెప్పి, ఎండ ముదరకముందే బయల్దేరింది.