బిడారు కంటే ముందు బుడాన్

బుడాన్ మేస్త్రి జన్మలో నలుగురితో కలిసి ఏ ఊరూ వెళ్ళలేదు. అందరూ రేపు బయల్దేరతారనగా ఇవాళే తన పాత టీవీఎస్ బండెక్కి వెళ్ళిపోతాడు. పెళ్ళయినా, చావయినా, మిరపకోతలయినా అంతే.

తన సొంత నిఖాకీ అదే పని చేశాడు. పెళ్ళికొడుకు వ్యాను ఇంకా దర్శి దాటకముందే, ఆ పెళ్ళికొడుకు ఆడపిల్లవారి వాకిట్లో నిలబడి ఉన్నాడు. షామియానా మనిషనుకుని మామగారు కుర్చీలు దించమన్నారు. దించాడు. వరస బాగాలేదంటే మళ్ళీ వేశాడు. "ఇప్పటికీ ఈయన గుమ్మంలోకి రాగానే మా అబ్బా చెయ్యి కుర్చీల వైపే పోతుంది" అంటుంది ఆయన భార్య కరీమున్.

ఏటా కాయ ఎర్రబడగానే, దర్శి పక్క పల్లె నుంచి పాతికమంది ఆడవాళ్ళను గుంటూరు వైపు కోతలకు తీసుకెళ్ళే ముఠా మేస్త్రి బుడాన్. ఆ ముఠాలో అందరికంటే పెద్దది బసవమ్మ. మోకాళ్ళు అరిగిపోయాయి. కోతలకు వెళ్ళడం మానేసిన రోజున ఊరు తనను ముసలిదానికింద జమకడుతుందని ఆమె భయం. అయితే చూపు మీద నమ్మకం ఉంది. రైతు పేరయ్య ఏటా ఆమెను చేలోకి దింపకుండా, షెడ్డు నీడన కూర్చోబెట్టి, రంగు మారిన తాలుకాయలు ఏరిస్తాడు. "పేరయ్యకు మనిషి విలువ తెలుసే. నా కన్నుగప్పి ఒక్క తాలుకాయ పోగలదా?" అని గొప్పగా చెప్పుకునేది.

"మరి మేస్త్రి ఒకరోజు ముందే ఎందుకు పోతాడు పెద్దమ్మా?" అని ముఠాలో ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.

"కోడికూరకి!" అని మధ్యలో అందుకునేది మౌలాబీ. "మనం దిగేసరికి గిన్నె కడిగేసి ఉంటుంది."

బుడాన్ చెప్పే కారణం వేరు. కుర్రతనంలో ఆయన సౌదీలో ఒంటెలు కాశాడు. తోటి కాపరి మాలీ దేశస్థుడు. అతని దగ్గర విన్న కథలు బుడాన్ నోట్లో ఇంకా ఆరలేదు.

"సహారాలో బిడారులు నడిచేవి అక్కా. ఒంటె వెనక ఒంటె, వేల ఒంటెలు! మొదటిది మజిలీలో మోకాళ్ళు వంచేసరికి చివరిది ఇంకా కంటికి ఆనేది కాదు. ఇటునుంచి ఉప్పు పలకలు పోయేవి, అటునుంచి బంగారం వచ్చేది."

"ఉప్పుకి బంగారమా! అయితే రేపట్నుంచి మా ఉప్పుడబ్బాకి తాళం" అనేది లక్ష్మీదుర్గ.

"ఉప్పు తవ్వే ఊళ్ళో ఇళ్ళు కూడా ఉప్పుదిమ్మెలతోనే కట్టారు. పైన ఒంటె తోళ్ళు కప్పారు."

"వానొస్తే?"

"వానెక్కడిదక్కా అక్కడ!"

కరగని ఉప్పు గోడల మధ్య ఎవరో అమ్మ పిల్లకి జడవేస్తున్నట్టు బసవమ్మకు కనిపించేది.

"అంత బిడారుకీ ముందు ఒక్కడే పోయేవాడు. తక్షీఫ్ అంటారు. దారంటూ లేని ఇసకలో ఒంటరిగా పోయి అవతలి ఊరికి కబురు చెప్పేవాడు. ఆ ఊరివాళ్ళు నీళ్ళు మోసుకుని ఎదురొచ్చేవాళ్ళు. వాడు దారితప్పాడా, బిడారంతా ఇసక పాలే."

"వాడికి కోడికూర పెట్టేవాళ్ళా మేస్త్రీ?" అనేది మౌలాబీ.

ఈ ఏడు టీవీఎస్ ఇంజను పట్టేసింది. బుడాన్ మొదటిసారి ముఠాతోపాటు మినీలారీ ఎక్కి, బియ్యం మూటల మధ్య ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఫోనులో చెప్పొచ్చుగా?" అంది బసవమ్మ.

"ఫోనైతే పెట్టేస్తారక్కా. మనిషినైతే భరించాలిగా."

ఫిరంగిపురం దాటి పేరయ్య కల్లం దగ్గర లారీ ఆగింది. నీళ్ళడ్రమ్ము బోర్లా పడి ఉంది. షెడ్డు నిండా పత్తి. స్నానాలకు చాటుగా కట్టే పట్టాల జాడే లేదు. ఏటా అవన్నీ వాటంతటవే ఉంటాయని ఇన్నాళ్ళూ ముఠా ఉద్దేశం.

పేరయ్య నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చాడు. "ఏమయ్యా మేస్త్రీ, నిన్న రాలేదేం? సరే, పత్తి పక్కకి నెట్టుకుని సర్దుకోండి. ఆ పెద్దావిణ్ణి మాత్రం ఇదే లారీలో వెనక్కి పంపెయ్. చేలోకి దిగలేని మనిషెందుకని ఏటా అంటూనే ఉన్నా. తాలు ఏరడానికి మా ఇంట్లోవాళ్ళు చాలు. నువ్వేమో పూటంతా ఒంటెల కథ చెప్పి, బుర్ర తిని, నాచేత ఊ అనిపించుకుపోతావు. ఈసారి నువ్వు రాలా, నేను ఊ అనలా."

మౌలాబీ తల వంచుకుంది. బసవమ్మ కల్లం వైపు చూసింది. కనుచూపు మేర ఆరబోసిన కాయ, ఎర్రటి ఇసక మేటల్లా ఎండకి మెరుస్తోంది. ఏటా బుడాన్ ఒక్కడే దీన్ని దాటొచ్చి తన కోసం నిలబడ్డాడన్న మాట! ఎంత పెద్ద ఎడారి దాటాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. తన కంటిచూపు అనుకున్నదంతా వీడి నోరు.

ఆమె లారీ క్యాబిన్ మీద దబదబా బాదింది.

"ఒరేయ్ డ్రైవరూ, లారీ రోడ్డెక్కించు. ఎవరూ దిగొద్దే. మనమింకా రాలేదు."

పేరయ్య నోరు తెరిచాడు. "రాలేదేంటమ్మా? ఎదురుగానే ఉన్నారుగా!"

"దారిలో ఉన్నామయ్యా. ఒరేయ్ బుడానూ, నువ్వు దిగు. ముందెళ్ళు."

బుడాన్ ఎగిరి దూకాడు. లారీ వెనక్కి వెళ్ళి రోడ్డు మీద ఆగింది. అక్కడినుంచి మాటలు వినపడటంలేదు, చేతులు కనపడుతున్నాయి. ఒంటె మూపురం, ఉప్పు గోడ, దూరం, దాహం. పేరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. బుడాన్ ఇంకో ఒంటెను లేపాడు. పేరయ్య పొలంలోకి పారిపోతే వెంటపడ్డాడు. పాతికమందీ లారీ అంచుమీదికి వంగి చూస్తున్నారు. కాసేపటికి షెడ్డులోంచి పత్తి బయటికొచ్చింది, డ్రమ్ము నిలబడింది.

చివరికి పేరయ్యే రోడ్డుదాకా నడిచొచ్చాడు. "అమ్మా, నువ్వూ ఉండు, ఆ తాలు నువ్వే ఏరు. అందరూ దిగండి తల్లీ. మీరు దిగితేగాని ఆ మనిషి ఆపడు."

మౌలాబీ మూట ఎత్తుకోబోయింది. బసవమ్మ ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"ఆగవే, ఇంకాసేపు చెప్పనీ. చాటు పట్టాలు ఇంకా కట్టలేదు."