మగవాడి భాష

రాయదుర్గంలో గుమ్మఘట్ట బస్సెక్కితే, నా పక్కన కూర్చున్న ఆమె ఎక్కేవాళ్లందరి ముఖాలూ భయంగా చూస్తోంది.

"బెంగళూరు నుంచి వస్తాండానన్నా," అంది. "ఆడ వలసపోయిన మన తెలుగోళ్లు పార్టీ పెట్టినారు. ఇంటింటికీ వచ్చి ఏం భాషని రాసుకోని పోయినారు. నాది తెలుగు, మా ఆయనది కన్నడ. మన పక్క ఎన్ని ఇండ్లల్లో రెండూ ల్యావు చెప్పు? మమ్మల్ని మాత్రం బయటోళ్లని రాసినారంట. నిన్న తలుపు మీద రాళ్లేసినారు. సామాన్లు తెస్తానని ఆయన ఆడే ఉండిపోయినాడు. ఫోన్ ఎత్తల్యా."

బెంగళూరులో ఆ పార్టీ ఆఫీసులో కూర్చొని, ఇంటింటికీ తిరిగినవాళ్లు తెచ్చిన వివరాలతో ఇళ్ల జాబితా రాసింది నేనే. రెండు భాషల ఇళ్లు వచ్చినచోట మగవాడి భాష చూసి రాసేశాను. మా అమ్మది కన్నడ. మా నాయనది తెలుగు కాబట్టి మా ఇంటిని మాత్రం మనవాళ్లలో వేసుకున్నాను.

"మనోళ్లే కదన్నా, ఆయన్నేం చెయ్యరు కదా?"

"ఏం చెయ్యరులేమ్మా," అన్నాను. ఏం చేస్తారో నాకు తెలుసు.

"నువ్వు చెప్తే ధైర్యంగా ఉండాదన్నా," అని ఆమె మొదటిసారి సీటుకు ఆనుకుంది.

మా ఊరు రాకముందే నేను బస్సు దిగిపోయాను.